గుండు ఎక్కడ ఆగుతుంది?

అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో 2014 దాకా జింకల వేటకు మామూలు రైఫిల్ తీసుకెళ్లడానికి వీల్లేదు. షాట్‌గన్‌కు అనుమతి ఉంది, గొట్టం మూతి నుంచి మందు దట్టించి పేల్చే మజిల్‌లోడర్‌కూ ఉంది. రైఫిల్‌కు మాత్రం లేదు. నిజానికి జింకను బాధపెట్టకుండా ఒక్క దెబ్బతో పడగొట్టాలంటే మంచి రైఫిల్‌ను మించింది లేదు. అయినా వద్దన్నారంటే, చట్టం చేసినవాళ్లు చూసింది జింకను కాదు, జింక వెనక ఉన్న ఊరిని. ఆ రాష్ట్రంలో చాలా భాగం చదును నేల. మొక్కజొన్న చేలు, చేల మధ్య ఇళ్లు, బడులు, రోడ్లు. గురి తప్పిన గుండుకు గానీ జింక ఒంట్లోంచి దూసుకుపోయిన గుండుకు గానీ అడ్డం నిలవడానికి అక్కడ కొండ లేదు, గుట్ట లేదు. ఇల్లినాయ్, అయోవా, దక్షిణ మిషిగన్‌లలో కూడా ఏళ్ల తరబడి ఇదే పద్ధతి నడిచింది.

తరవాత ఈ నిబంధన కాస్త సడలింది. రైఫిల్ తూటాల్లో చాలావాటికి అడుగున లావుగా, పైన సన్నటి మెడతో సీసా ఆకారం ఉంటుంది. ఎక్కువ మందు పట్టి గుండును అతివేగంగా తోసేది ఆ ఆకారమే. మెడ లేకుండా తిన్నగా ఉండే తూటాలకు అంత వేగం రాదు, వాటి గుండు త్వరగా నేల పడుతుంది. ఒహాయో 2014లో అలాంటి తూటాల రైఫిళ్లను జింకల వేటకు ఒప్పుకుంది. ఈ రాష్ట్రాల వేటగాళ్ల కోసమే 2019లో వించెస్టర్ కంపెనీ .350 లెజెండ్ అనే తూటాను తయారుచేసింది. ఒక ప్రాంతపు నేల తీరును బట్టి ఒక తూటా పుట్టిందన్నమాట.

షాట్‌గన్ క్షేమం, రైఫిల్ ప్రమాదం అన్న లెక్క కూడా అంత సూటిది కాదు. పెన్సిల్వేనియా శాసనసభ కమిటీ ఒకటి ఈ విషయాన్ని నిపుణులతో పరిశీలింపజేసి 2007లో నివేదిక తెప్పించుకుంది. తుపాకీని బాగా పైకెత్తి కాల్చినప్పుడు రైఫిల్ గుండు నాలుగు కిలోమీటర్లకు పైగా పోతుంది, షాట్‌గన్‌లో వాడే ఒకే ముద్ద గుండైన స్లగ్ అంత దూరం పోలేదు. కానీ వేటగాడు ఆకాశంలోకి కాల్చడు కదా. నేలకు సమాంతరంగా కాల్చినప్పుడు లెక్క తారుమారైంది. సన్నటి రైఫిల్ గుండు నేలను తాకగానే చాలావరకు శక్తి కోల్పోతే, బరువైన మెత్తని స్లగ్ నేలను తాకి ఎగిరి, ఇంకా ముందుకు పోయింది. అనుభవజ్ఞులైన వేటగాళ్లు చెట్టుకు కట్టిన మంచె మీద నుంచి కింది వైపుకు కాల్చడాన్ని ఇష్టపడడానికి ఇదొక మంచి కారణం. అప్పుడు జింక వెనక ఉన్నది నేలే, తప్పిన గుండు మట్టిలో దిగబడుతుంది.

తొలి తుపాకీ కొనడానికి దుకాణానికి వెళ్లినవారు ఎక్కువగా అడిగేది ఏది గట్టిగా కొడుతుందని. కొట్టిన గుండు ఎక్కడ ఆగుతుందన్నది అంతకన్నా ముందు అడగాల్సిన మాట. అందులోనూ ఒకే తుపాకీ వేటకూ పనికిరావాలి, ఇంటి రక్షణకూ పనికిరావాలి అనుకునేవారు దీన్ని రెండు సార్లు అడగాలి. పొలంలో వచ్చే జవాబు వేరు, పడకగదిలో వచ్చే జవాబు వేరు.

తెలుగు పాఠకులకు ఈ విషయంతో సంబంధం ఉంది. డల్లస్, హ్యూస్టన్, కొలంబస్ వంటి నగరాల శివార్లలో స్థిరపడిన తెలుగు కుటుంబాల చుట్టూ తుపాకీ మామూలు ఇంటి వస్తువుగా చలామణి అవుతోంది. పక్కింటాయన నవంబరులో జింకల వేటకు పోతాడు, ఆఫీసు మిత్రుడు శనివారం షూటింగ్ రేంజ్‌కు రమ్మంటాడు. ఇటు చూస్తే మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను దాదాపుగా మూసేసింది. 1959 నాటి ఆయుధాల చట్టం కింద లైసెన్సు దొరకడమే కష్టం. అమెరికాలో పిల్లలు తాత చెయ్యి పట్టుకుని నేర్చుకునే జాగ్రత్తలు మనవాళ్లకు ఇంట్లో నేర్పినవాళ్లు లేరు. కాబట్టి మొదటి నుంచి మొదలుపెట్టడమే మంచిది.

షాట్‌గన్ గొట్టం లోపల నున్నగా ఉంటుంది. దాని కొలత పేరు గేజ్, మన దేశంలో బోర్ అంటారు. గొట్టంలో సరిగ్గా పట్టే సీసపు గుండ్లు పౌనుకు, అంటే 454 గ్రాములకు, ఎన్ని తూగుతాయో అదే గేజ్. పన్నెండు తూగితే 12 గేజ్, గొట్టం వెడల్పు సుమారు 18.5 మిల్లీమీటర్లు. ఇరవై తూగితే 20 గేజ్, 15.6 మిల్లీమీటర్లు. అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నబడుతుందన్న సంగతి కొత్తవాళ్లను తికమక పెడుతుంది. .410 ఒక్కటే ఈ లెక్కకు లొంగదు, అది అంగుళాల్లో గొట్టం వెడల్పు.

ఆ గొట్టంలోంచి ఏం పంపాలన్నది తూటాను బట్టి ఉంటుంది. షాట్‌గన్ గొప్పతనమంతా అక్కడే ఉంది. పిట్టల వేటకు వాడే ఏడున్నర నంబరు తూటాలో 2.4 మిల్లీమీటర్ల సీసపు గుళ్లు దాదాపు 390 దాకా ఉంటాయి. డబుల్ ఆట్ బక్‌షాట్ అనే పెద్ద గుళ్ల తూటాలో 8.4 మిల్లీమీటర్ల గుళ్లు మామూలుగా తొమ్మిది. స్లగ్ అయితే 28 గ్రాముల ఒకే ముద్ద. పొద్దున గువ్వలు, సాయంత్రం కుందేలు, సీజనులో జింక, అన్నీ తూటా మారిస్తే అదే తుపాకీతో సాధ్యమవుతాయి.

చిన్న గుళ్లు త్వరగా ఆగిపోవడానికి కారణం జ్యామితిలో ఉంది. బక్‌షాట్ గుండు వ్యాసం పిట్టల గుండుకు మూడున్నర రెట్లు. గాలి అడ్డుకునే వైశాల్యం ఆ లెక్కన పన్నెండు రెట్లు పెరిగితే, బరువు మాత్రం దాదాపు 43 రెట్లు పెరుగుతుంది. బరువుతో పోలిస్తే ఒళ్లు పెద్దదైన చిన్న గుండును గాలి ఇట్టే నిలిపేస్తుంది. పిట్టల గుళ్లు రెండు వందల మీటర్ల పైచిలుకులో నేల రాలతాయి. బక్‌షాట్ అర కిలోమీటరు పోగలదు. బొమ్మ తుపాకీలా కనిపించే .22 రైఫిల్ గుండు సైతం రెండు కిలోమీటర్లు దాటగలదు. ఈ ఆఖరి సంగతి తెలియక జరిగే ప్రమాదాలు తక్కువేం కావు, ఎందుకంటే .22ని అందరూ పిల్లల తుపాకీ అనుకుంటారు.

గుళ్లు ఎంత విచ్చుకోవాలో నిర్ణయించేది గొట్టం కొసన ఉండే చోక్ అనే నొక్కు. 40 గజాల దూరంలో 30 అంగుళాల వలయం గీసి లెక్కపెడతారు. నొక్కు లేని గొట్టమైతే నూటికి సుమారు 40 గుళ్లు ఆ వలయంలో పడతాయి, ఫుల్ చోక్ అయితే 70. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో 30 మీటర్ల దూరంలో అడ్డంగా ఎగిరే బాతును తీసుకుంటే, గుళ్లు చేరడానికి పట్టే సెకనులో పదో వంతు కాలంలో అది మీటరున్నరకు పైగా ముందుకు పోతుంది. అందుకే వేటగాడు బాతు ముందు ఖాళీ గాలికి గురిపెట్టి తుపాకీని తిప్పుతూనే కాలుస్తాడు. ఆ తిప్పడం నిలకడగా సాగడానికి 26, 28 అంగుళాల పొడుగు గొట్టం సాయపడుతుంది. ఇంటి నడవాలో అదే పొడుగు తలుపుకూ గోడకూ తగులుతుంది, 18 అంగుళాల పైచిలుకు పొట్టి గొట్టమే అక్కడ నయం. అంతకన్నా కురచ చేయకూడదు. షాట్‌గన్‌కు 18, రైఫిల్‌కు 16 అంగుళాలకు తగ్గిన గొట్టాలకు 1934 నాటి ఫెడరల్ చట్టం కింద ప్రత్యేకంగా నమోదు కావాలి. మాస్‌బర్గ్ 500, రెమింగ్టన్ 870 వంటి పంప్ షాట్‌గన్లకు అంత పేరు రావడానికి ఒక కారణం, వాటి గొట్టం ఊడదీసి ఇంకొకటి బిగించుకోగలగడం. రెమింగ్టన్ 870 ఒక్కటే కోటికి పైగా అమ్ముడుపోయింది.

తుపాకీ తన్నుడు విషయం దుకాణంలో ఎవరూ సరిగా చెప్పరు. న్యూటన్ మూడో నియమానికి డిస్కౌంటు లేదు. 32 గ్రాముల గుళ్లు సెకనుకు 365 మీటర్ల వేగంతో ముందుకు పోతే, మూడు కిలోల పైచిలుకు తుపాకీ సెకనుకు సుమారు నాలుగు మీటర్ల వేగంతో భుజానికి తగులుతుంది. నాలుగు తూటాలు పేల్చిన కొత్తవారికి అయిదోసారి ట్రిగ్గర్ నొక్కే ముందే కళ్లు మూసుకుపోతాయి, భుజం ముడుచుకుంటుంది. ఇక గురి కుదరదు. వేటలో గురి కుదరకపోతే జంతువు చావదు, గాయంతో పొదల్లోకి పోయి రోజుల తరబడి బాధపడుతుంది. ఈ ఒక్క కారణం చాలు, మొదటి తుపాకీగా మామూలుకన్నా బలంగా పేలే 12 గేజ్ మాగ్నం కొనకుండా ఉండడానికి.

20 గేజ్ తన్నుడు చెప్పుకోదగినంత తక్కువ, పిట్టలకూ కుందేళ్లకూ అది చాలు. చిన్నవాళ్లకు ఇంకా సులువని .410 కొనిపెట్టే తల్లిదండ్రులు మంచి మనసుతోనే పొరపడుతున్నారు. దాని చిన్న తూటాలో గుళ్లు 20 గేజ్‌తో పోలిస్తే సగానికి కాస్త పైన, కాబట్టి అది చేయి తిరిగినవారి ఆయుధం. తన్నుడు తగ్గాలంటే మరో దారి, పేలిన వాయువులో కొంత వాడుకుని తనంతట తానే తూటా మార్చుకునే సెమీ ఆటోమాటిక్. అందులో తన్నుడు ఎక్కువ సేపట్లో సర్దుకుంటుంది కాబట్టి భుజానికి మెత్తగా తెలుస్తుంది. తుపాకీ మడమ పొడవు చేతికి సరిపోవడం వీటన్నిటికన్నా ముఖ్యం. మామూలు మడమ సగటు ఎత్తున్న మగవాడి కొలతకు దగ్గరగా ఉంటుంది. పొట్టివారికి, ఆడవారికి కురచ మడమలు దొరుకుతాయి, అడగాలి.

ఇక్కడ ఒక ప్రాణాంతకమైన సంగతి ఉంది. 20 గేజ్ తూటాను పొరపాటున 12 గేజ్ తుపాకీలో వేస్తే అది జారి గొట్టం మధ్యలో ఇరుక్కుంటుంది. పేలలేదేమిటా అని వెనక ఇంకో 12 గేజ్ తూటా వేసి కాలిస్తే గొట్టం చేతిలోనే పగిలిపోతుంది. దీన్ని ఆపడానికే 20 గేజ్ తూటాలను పసుపు రంగులో తయారుచేస్తారు. ఇంట్లో రెండు గేజ్‌లు ఉంటే తూటాలు ఒకే జేబులో పడకూడదు.

రైఫిల్ గొట్టంలో మెలితిరిగిన గాళ్లుంటాయి. వాటి వల్ల గుండు గిరగిర తిరుగుతూ దారి తప్పకుండా పోతుంది. గుండు శక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. .22 లాంగ్ రైఫిల్ గుండు బరువు రెండున్నర గ్రాములు, శక్తి సుమారు 170 జౌళ్లు. 1906లో అమెరికా సైన్యం కోసం పుట్టి, నేటికీ వేటగాళ్ల చేతుల్లో ఉన్న .30-06 గుండు బరువు దానికి నాలుగు రెట్లు కూడా ఉండదు, శక్తి మాత్రం 3,800 జౌళ్లు. వేగం రెండున్నర రెట్లు కావడం వల్ల వచ్చిన తేడా ఇది. జింకకు అంత అక్కరలేదు. 1955లో వచ్చిన .243 వించెస్టర్ సుమారు సగం తన్నుడుతో జింకను శుభ్రంగా పడగొడుతుంది. అయితే నేర్చుకోవడం మాత్రం .22తోనే మొదలవ్వాలి. చవక, చప్పుడు తక్కువ, తన్నుడు లేనట్టే. గురి, ఊపిరి, ట్రిగ్గర్ మీద వేలి ఒత్తిడి, ఇవన్నీ భయం లేనిచోటే అబ్బుతాయి.

సీసం గురించి కూడా కొనేముందే ఆలోచించాలి. నీటిపక్షులు చెరువు అడుగున పడిన గుళ్లను మింగి చనిపోతున్నాయని అమెరికా 1991 నుంచి దేశమంతటా బాతుల వేటలో సీసాన్ని నిషేధించింది. కాండర్ రాబందులు వేటగాళ్లు వదిలిన పేగులు తిని విషమెక్కి చస్తున్నాయని కాలిఫోర్నియా 2019 నాటికి వేటంతటా నిషేధించింది. సీసానికి బదులు వాడే ఉక్కు గుళ్లు తేలిక కాబట్టి త్వరగా వేగం కోల్పోతాయి, ఒకటి రెండు సైజులు పెద్దవి వాడాలి. తాతల నాటి తుపాకీ గొట్టాల్లో వాటిని కాల్చకూడదు.

ఇక ఇల్లు. మన ఊళ్లలో ఇటుక గోడ తొమ్మిది అంగుళాల మందం. అమెరికాలో చాలా ఇళ్ల లోపలి గోడ అంటే నిలువు చెక్కలకు రెండు వైపులా అర అంగుళం జిప్సం బోర్డు. మొత్తం మందం నాలుగున్నర అంగుళాలు, మధ్యలో ఖాళీ. 9 ఎంఎం పిస్తోలు గుండైనా, బక్‌షాట్ గుండైనా, రైఫిల్ గుండైనా ఇలాంటి గోడలను ఒకదాని వెనక ఒకటి దాటుకుపోగలవు. నడవాలో దొంగ ఉన్నాడని కాల్చిన గుండు అవతలి గదిలో పిల్లవాడి మంచం దాకా, బయట పక్కింటి దాకా పోవచ్చు. పిట్టల తూటా త్వరగా ఆగుతుందని కొందరు అదే వాడమంటారు. గది దూరంలో అది కూడా ఒక గోడను దాటగలదు, మనిషి ఒంట్లో మాత్రం లోతుగా దిగదు. గోడకు మెత్తగా, దుండగుడికి గట్టిగా తగిలే తూటా ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

షాట్‌గన్‌కు గురి అక్కరలేదు, గది నిండా చల్లుతుందని సినిమాలు నేర్పాయి. చోక్ లేని గొట్టంలోంచి బక్‌షాట్ గజానికి సుమారు ఒక అంగుళం చొప్పున విచ్చుకుంటుంది. అయిదు మీటర్ల గదిలో ఆ వెడల్పు జానెడైనా ఉండదు. రైఫిల్‌కు ఎంత గురి కావాలో దీనికీ అంతే కావాలి. చప్పుడు సంగతి మరీ ఘోరం. ఒక్కసారి విన్నా చెవికి శాశ్వతంగా హాని చేసే హద్దు 140 డెసిబెళ్లు. షాట్‌గన్ 150 దాటుతుంది, మూసిన గదిలో గోడల ప్రతిధ్వని దానికి తోడవుతుంది. డెసిబెల్ లెక్కలో ప్రతి మూడుకూ శక్తి రెట్టింపు.

వీటికన్నా బరువైన ప్రశ్న మరొకటి ఉంది. ఇంట్లో తుపాకీ ఉండడం వల్ల ఇంట్లోవాళ్ల ప్రాణాలు నిలుస్తాయా, పోతాయా? ఆత్మరక్షణకు ఏటా ఎన్నిసార్లు తుపాకీ వాడుతున్నారన్న అంచనాలు ఒక లక్ష లోపు నుంచి 25 లక్షల దాకా ఉన్నాయి. ఇంత తేడా ఉన్న లెక్కతో ఏదీ తేల్చలేం. మరణాల లెక్క గట్టిది. 2021లో అమెరికాలో తుపాకీతో చనిపోయినవారు 48,830 మంది, అందులో సగానికి పైగా ఆత్మహత్యలు. కాలిఫోర్నియాలో 2 కోట్ల 60 లక్షల మంది వివరాలతో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు చేసిన అధ్యయనం 2020లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. పిస్తోలు ఉన్న మగవారు తుపాకీతో ఆత్మహత్య చేసుకునే ప్రమాదం, లేని మగవారితో పోలిస్తే సుమారు ఎనిమిది రెట్లు. ఆడవారిలో 35 రెట్లు. తొలి పిస్తోలు కొన్న వెంటనే ఆ ప్రమాదం అన్నిటికన్నా ఎక్కువ. తుపాకీతో చేసుకునే ప్రయత్నాల్లో పదింట ఎనిమిదికి పైగా ప్రాణం పోతుంది, వెనక్కి తిరిగి ఆలోచించుకునే వ్యవధి ఉండదు. ఇంట్లో కుంగుబాటుతో ఉన్నవారు, తాగుడు అలవాటున్నవారు, ఎదిగే వయసు పిల్లలు ఉంటే తొలి తుపాకీ కొనడం వాయిదా వేయడమే సరైన పని. తలుపులకు మంచి గడియలు, వెలుతురు, అలారం, కుక్క, వీటిలో ఏదీ గోడ దాటి పక్కగదిలోవాళ్లను చంపదు.

చట్టం దగ్గర తెలుగువారు ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి. హెచ్-1బి, ఎఫ్-1, హెచ్-4 వంటి నాన్ ఇమిగ్రెంట్ వీసాల మీద ఉన్నవారు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు ఉంది, ఇంకా ఒకటి రెండు మినహాయింపులు ఉన్నాయి. రేంజ్‌లో అద్దెకు తీసుకుని సరదాగా కాల్చడం కూడా ఈ నేరం కిందికే వస్తుంది. 2022 నుంచి గరిష్ఠ శిక్ష 15 ఏళ్లకు పెరిగింది, వీసాకు వచ్చే ముప్పు వేరే. గ్రీన్‌కార్డు ఉన్నవారికి ఫెడరల్ చట్టం అడ్డు చెప్పదు. లైసెన్సున్న దుకాణంలో పొడుగు తుపాకీకి 18 ఏళ్లు, పిస్తోలుకు 21 ఏళ్లు నిండాలి. ఫారం 4473 నింపాక నేర చరిత్ర పరిశీలన జరుగుతుంది. ఆ ఫారంలో అబద్ధం రాయడం మరో నేరం. రాష్ట్రాల నియమాలు దీనికి అదనం, సందేహం ఉంటే లాయరును అడిగాకే దుకాణం మెట్లెక్కాలి.

తుపాకీ కొనడానికి ముందే వేట శిక్షణ తరగతిలో చేరడం మంచిది. న్యూయార్క్ రాష్ట్రం 1949లోనే దీన్ని తప్పనిసరి చేసింది. టెక్సస్‌లో 1971 సెప్టెంబరు 2న గానీ తరవాత గానీ పుట్టిన వేటగాళ్లందరికీ ఇది కావాలి. ప్రతి తుపాకీలోనూ తూటా ఉన్నట్టే ప్రవర్తించడం, చంపదలచుకోని దేని వైపూ గొట్టం తిప్పకపోవడం, గురి కుదిరే దాకా వేలు ట్రిగ్గర్‌కు దూరంగా ఉంచడం, లక్ష్యాన్నీ దాని వెనక ఉన్నదాన్నీ పోల్చుకున్నాకే కాల్చడం అక్కడ ఒంటికి అలవాటవుతాయి. ఈ నాలుగో నియమం గురించే పైన ఒహాయో చట్టం నుంచి పడకగది గోడ దాకా చెప్పుకున్నదంతా.

ఇన్ని తెలుసుకున్నాక కూడా కొనాలనుకునేవారు తుపాకీతో పాటే ఇనుప సేఫ్ ధరను లెక్కలో వేసుకోవాలి. తుపాకీని తాళంలో పెట్టడం, తూటా తీసేసి పెట్టడం, తూటాలను వేరేచోట పెట్టడం, వాటికీ తాళం వేయడం, ఈ నాలుగు అలవాట్లలో ఒక్కొక్కదానికీ పిల్లల ఆత్మహత్యలు, ప్రమాదాలు తగ్గడంతో సంబంధం ఉందని 2005లో అమెరికా వైద్య సంఘం పత్రికలో వచ్చిన అధ్యయనం తేల్చింది. వేట తుపాకీకి ఇవన్నీ హాయిగా సరిపోతాయి, జింక అర్ధరాత్రి తలుపు తట్టదు. రక్షణకు చేతికందేలా ఉండాలనుకునేవారు వేలిముద్రతోనో అంకెలతోనో క్షణాల్లో తెరుచుకునే చిన్న సేఫ్ మంచానికి బిగించుకుంటారు. దాని అంకెలు ఇంట్లో ఎవరికి తెలియాలో, ఎవరికి తెలియకూడదో ముందే కూర్చుని నిర్ణయించుకోవాలి. ఇంట్లో ఎవరైనా మానసికంగా కష్టకాలంలో ఉంటే తుపాకీని కొన్నాళ్లు బయట దాచే వీలు కూడా ఉంది. కొలరాడో వంటి కొన్ని రాష్ట్రాల్లో అలా తాత్కాలికంగా దాచిపెట్టే దుకాణాలనూ పోలీసు స్టేషన్లనూ మ్యాపులో గుర్తించి ప్రజలకు అందుబాటులో ఉంచారు. ఇచ్చేముందు ఫోన్ చేసి వెళ్లాలి, తుపాకీలోంచి తూటాలు తీసి, వాటిని వేరే సంచిలో పెట్టి తీసుకెళ్లాలి.